శంషాబాద్‌లో మూడు మజిలీలు

మన ఇళ్లలో ఏడాదికి ఒక్కసారైనా తప్పని యాత్ర ఒకటుంది. తిరుపతి కాదు, యాదగిరిగుట్టా కాదు... శంషాబాద్! 2008 మార్చిలో విమానాల రాకపోకలు బేగంపేట నుంచి అక్కడికి మారాక, పిల్లల్ని సాగనంపడమంటే ఇంటిల్లిపాదీ కలిసి చేసే అర్ధరాత్రి ప్రయాణమైపోయింది. సూట్‌కేసుల్ని మళ్లీ మళ్లీ తూచడం, ఆవకాయ ఏ పెట్టెలో సర్దామో మరిచిపోవడం, పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక 'పాస్‌పోర్టు పెట్టుకున్నావా తల్లీ' అని అడిగి అందరి గుండెలూ గుభేల్‌మనిపించడం... మీకు తెలియనిది కాదు.

పోయిన జనవరి మొదటివారంలో మా మేనకోడల్ని డాలస్‌కు సాగనంపడానికి అలాగే వెళ్లాం. అక్క, బావగారు, నేను. కారు పార్కింగులో పెట్టి టెర్మినల్ వైపు నడుస్తున్నాం. కొంత దూరం వెళ్లాక చూస్తే బావగారు మా పక్కన లేరు. వెనక ఒక బోర్డు ముందు నిలబడి ఏదో చదువుతున్నారు. 'ఎక్కడెక్కడ ఏమేం ఉన్నాయో చూస్తున్నానోయ్' అన్నారు. సరే అనుకున్నాం. మరికాస్త నడిచాక మళ్లీ ఆగారు. ఈసారి ఫోనొచ్చిందట. మోగిన చప్పుడు మాకెవరికీ వినపడలేదు. మూడోసారి ఆగి ఒంగుని కాళ్ల దగ్గర ఏదో సర్దుకున్నారు. బూట్ల లేసు ఊడిందేమో అనుకునేవాణ్నే కానీ, ఆయన వేసుకున్నవి చెప్పులు.

పిల్ల లోపలికి వెళ్లిపోయింది. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. తిరిగి వస్తూ అడిగాను, 'బావగారూ, నిజం చెప్పండి. కాలేమైనా నొప్పా?' అని.

'నొప్పని కాదోయ్. కొంచెం నడిస్తే ఎడమ పిక్క పట్టేస్తుంది. రెండు నిమిషాలు నిలబడితే పోతుంది. అరవై నాలుగొచ్చాయి, ఇంకా పరుగెత్తమంటావా?'

'నాతో కూరగాయలకి వచ్చినా ఇంతేరా,' అంది అక్క. 'ప్రతి కొట్టు ముందూ ఆగుతారు. నేనింకా ధరలు కనుక్కుంటున్నారని మురిసిపోతున్నాను.'

బావగారు ఆర్టీసీ డిపోలో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. పదహారేళ్లుగా షుగర్ ఉంది. రోజుకు రెండంటే రెండే సిగరెట్లు అంటారు. మూడోది అక్కకు తెలియదు, నాకు తెలుసు.

ఆ ఆగడానికి వైద్యంలో ఒక పేరుంది. ఇంటర్మిటెంట్ క్లాడికేషన్. నడుస్తూ నడుస్తూ కుంటుపడి, ఆగితే సర్దుకునే జబ్బు అని అర్థం. దీన్ని మొదట గమనించింది మనుషుల డాక్టరు కూడా కాదు. ఫ్రాన్సులో బూలే అనే పశువైద్యుడు 1831లో ఒక గుర్రం గురించి రాశాడు. కాస్త దూరం పోగానే కాలీడ్చేది, నిలబెడితే మళ్లీ మామూలుగా అయ్యేది. దాని కాళ్లకు నెత్తురు తీసుకెళ్లే నాళం పూడుకుపోయింది. మనుషుల్లోనూ అదే జరుగుతుందని 1858లో షార్కో చెప్పాడు. జర్మనీవాళ్లు దీనికి ముద్దుగా 'షాపు అద్దాల జబ్బు' అని పేరు పెట్టుకున్నారు. నొప్పి దాచుకోవడానికి ప్రతి షాపు అద్దం ముందూ ఆగి, లోపలి సరుకులు చూస్తున్నట్టు నటిస్తారని! శంషాబాద్‌లో మా బావగారు బోర్డులు చదివింది అందుకే.

షుగరున్నవాళ్ల కాళ్ల నొప్పులన్నీ ఇవే అనుకోకండి. రాత్రిపూట పడుకున్నప్పుడు అరికాళ్లు మండటం, చీమలు పాకినట్టుండటం, తిమ్మిర్లు... అవి ఎక్కువగా నరాలు దెబ్బతిన్నందువల్ల వచ్చేవి. నడుం దగ్గర నరం నొక్కుకుపోయినా నడిస్తే కాళ్లు లాగుతాయి కానీ, దానికి కూర్చుంటేనో ముందుకు వంగితేనో ఉపశమనం. నెత్తురు అందని పిక్క సంగతి వేరు. దానికో లెక్కుంటుంది. ఇంచుమించు అంతే దూరం నడిచాక పట్టేస్తుంది, కూర్చోనక్కర్లేకుండా నిలబడితే చాలు, కొద్ది నిమిషాల్లో వదిలేస్తుంది. నడిచే కండరానికి కావలసినంత ప్రాణవాయువు రావడం లేదు. ఆగితే, వచ్చేది సరిపోతుంది. అంతే తేడా.

చెన్నైలో 2000 సంవత్సరంలో ప్రచురించిన ఒక సర్వేలో షుగరున్నవాళ్లలో వందకు ఆరుగురికి పైగా కాళ్ల రక్తనాళాల్లో పూడిక కనిపించింది. షుగర్ లేనివాళ్లలో ముగ్గురికి లోపే. మన దేశంలో 10 కోట్ల మందికి షుగరుందని 2023లో ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం తేల్చింది. ఈ లెక్కన శంషాబాద్‌లో బోర్డులు చదివేవాళ్లలో మా బావగారు ఒక్కరే ఉండరు.

మర్నాటికి మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చేసిన పరీక్ష చూస్తే ఇంత సులువా అనిపించింది. చేతికి బీపీ చూశారు, చీలమండ దగ్గర బీపీ చూశారు, రెండోదాన్ని మొదటిదానితో భాగించారు. మామూలుగా ఒకటో, ఆ పైన కాస్తో రావాలి. 0.9 కంటే తగ్గితే కాలి నాళం ఇరుకైందని అర్థం. బావగారి ఎడమ కాలికి 0.68 వచ్చింది. 'షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో నాళాల గోడలు గట్టిపడి, లోపల పూడికున్నా లెక్క బాగానే వస్తుంది. 1.4 దాటిందా, అది ఆనందించాల్సింది కాదు, అప్పుడు కాలి బొటనవేలి దగ్గర బీపీ చూడాలి' అని కూడా చెప్పారు. ఈ పరీక్షకు పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. చిన్న డాప్లర్, బీపీ పట్టీ ఉంటే చాలు. అయినా ఏళ్ల తరబడి షుగర్ చీటీలు రాయించుకునేవాళ్లలో ఎంతమందికి ఎవరైనా చీలమండకు పట్టీ కట్టారు? మా బావగారికి పదహారేళ్లలో ఇదే మొదటిసారి. ఇది నాకు మింగుడుపడని సంగతి.

ఆయన రాసినవి నాలుగు. కొవ్వు తగ్గించే మాత్ర, నెత్తురు గడ్డకట్టకుండా మరో మాత్ర, సిగరెట్ బంద్ (మూడోదానితో సహా), నాలుగోది నడక.

'నడిస్తేనే కదండీ నొప్పి. నడవమంటారేమిటి?' అన్నారు బావగారు.

'నొప్పి వచ్చేదాకా నడవండి. వచ్చాక, బాగా పట్టేసే దాకా ఇంకొంచెం నడవండి. ఆగండి. పూర్తిగా వదిలాక మళ్లీ నడవండి. ఆగడాలతో కలిపి అరగంటతో మొదలుపెట్టి ముప్పావుగంట దాకా పెంచండి. వారానికి కనీసం మూడు రోజులు, కనీసం పన్నెండు వారాలు.'

ఏప్రిల్ మధ్యలో అక్కా బావగారూ డాలస్ వెళ్లాలి, మేనకోడలి పురిటికి. లెక్కేసుకుంటే పద్నాలుగు వారాలుంది.

గుర్రపుబండి కాలం నాటి జబ్బుకు ఇదేం వైద్యం అని నాకూ అనిపించింది కానీ, ఈ జబ్బులో నడక దూరాన్ని పెంచే పద్ధతుల్లో ఇంత గట్టి రుజువున్నది తక్కువే. ఎందుకంటే, చెరువుకొచ్చే పెద్ద కాల్వ పూడిపోయినప్పుడు నీళ్లు పక్కనున్న పిల్లకాల్వల్ని వెతుక్కుంటాయి. కండరం పదే పదే ప్రాణవాయువు కోసం అలమటిస్తే, పక్కనున్న సన్నని నాళాలు వెడల్పవుతాయి. దొరికిన కాస్త ప్రాణవాయువునే పొదుపుగా వాడుకోవడం కండరమూ నేర్చుకుంటుంది. పెద్ద కాల్వలో పూడిక అలాగే ఉంటుంది. మనిషి మాత్రం ముందుకంటే ఎక్కువ దూరం నడుస్తాడు.

ఈలోగా డాలస్ నుంచి అల్లుడి ఫోను. 'మామయ్యా, అదంతా ఎందుకు, బీట్‌రూట్ పొడి పంపుతున్నాను. రోజూ నీళ్లలో కలుపుకుని తాగండి. నైట్రిక్ ఆక్సైడ్ పెరిగి రక్తనాళాలు తెరుచుకుంటాయి. ఇక్కడ పరుగుపందాలవాళ్లందరూ ఇదే తాగుతారు.' బావగారి మొహం వెలిగిపోయింది. నడక లేకుండా పని జరిగే మార్గం దొరికిందని! నాకు అనుమానమొచ్చి, ఈ బీట్‌రూట్ సంగతేమిటో చదవడం మొదలుపెట్టాను.

అల్లుడు చెప్పింది ఊరికే పుట్టిన మాటేం కాదు. డైనమైట్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజుల్లో గుండెనొప్పి వస్తే డాక్టర్లు రాసిన మందు నైట్రోగ్లిజరిన్. డైనమైట్‌లో కూరేది కూడా అదే! ఆ మందు ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేసి నాళాల్ని సడలిస్తుందని తేలడానికి ఆ తర్వాత ఎనభై ఏళ్లు పట్టింది. మన రక్తనాళాల లోపలి పొర ఆ వాయువును తనంతట తానే తయారుచేసుకుంటుందని కనిపెట్టినందుకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి నోబెల్ పేరిటే బహుమతి ఇచ్చారు. షుగర్ ముదిరినవాళ్లలో ఆ పొర దెబ్బతిని, వాయువు సరిగా తయారుకాదు.

దీనికి ఇంకో దొడ్డిదారి ఉంది. ఆకుకూరల్లో, బీట్‌రూట్‌లో, ముల్లంగిలో నైట్రేట్ అనే లవణం పుష్కలంగా ఉంటుంది. మొక్కలు దాన్ని నేలలోంచి పీల్చుకుంటాయి. మనం తిన్నాక అది నెత్తుట్లో కలుస్తుంది. అందులో నాలుగోవంతు దాకా లాలాజల గ్రంథులు తిరిగి నోట్లోకే తెస్తాయి. నాలుక వెనక భాగంలో, గాడుల్లో కాపురముండే సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. దాన్ని మింగితే నెత్తుట్లోకి పోయి, ప్రాణవాయువు తక్కువున్న చోట నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. నొప్పితో పట్టేసిన పిక్క సరిగ్గా అలాంటి చోటే కదా! సూక్ష్మజీవుల్ని చంపే మౌత్‌వాష్‌తో పొద్దున్నా సాయంత్రం పుక్కిలించేవాళ్లకు ఈ దారి మూసుకుపోతుందని పరీక్షల్లో తేలింది. నోటి దుర్వాసనకు వాడే సీసా కాళ్ల దాకా పనిచేస్తుందని ఎవరనుకుంటారు?

మరి ఫలితం? అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్లు 2011లో ఇలా కాళ్ల నాళాలు పూడుకుపోయిన ఎనిమిది మందికి అరలీటరు బీట్‌రూట్ రసం తాగించి ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. నొప్పి మొదలవడానికి పట్టిన సమయం 18 శాతం పెరిగింది, మొత్తం నడవగలిగిన సమయం 17 శాతం పెరిగింది. వినడానికి బాగుంది కానీ, గడియారంలో చూస్తే ఒక్క నిమిషం తేడా. 2018లో ఇంకో పరీక్ష ఫలితం వచ్చింది. పాతిక మందికి లోపే. సగం మందికి అసలు రసం, సగం మందికి నైట్రేట్ తీసేసిన రసం ఇచ్చి, అందరిచేతా పన్నెండు వారాలు దగ్గరుండి నడిపించారు. అసలు రసం తాగి నడిచినవాళ్లు రెండోవాళ్ల కంటే బాగా మెరుగయ్యారు. గమనించండి... తాగి, 'నడిచినవాళ్లు'.

ఇక షుగరున్నవాళ్ల సంగతి. ఇంగ్లండులో ఎక్సెటర్ శాస్త్రవేత్తలు 2013లో 27 మంది మధుమేహులకు రెండు వారాలు రోజూ పావులీటరు రసమిచ్చి చూశారు. బీపీ తగ్గలేదు, రక్తనాళాల పనితీరు మారలేదు. 2015లో 48 మందికి నాలుగు రోజులు ఇచ్చి నడిపించారు. నడకలోనూ తేడా రాలేదు. వాళ్లు కాళ్ల పూడికున్నవాళ్లని ఏరి తెచ్చినవాళ్లు కారు, నిజమే. కానీ షుగర్, పూడిక రెండూ ఉన్న మా బావగారు మాత్రం ఆ పొడి డబ్బా మీద భారం వేసి కూర్చోవడానికి వీల్లేదని నాకు అర్థమైంది. పైగా అరలీటరు బీట్‌రూట్ రసంలో పీచు పోగా మిగిలే చక్కెర ఏడెనిమిది చెంచాలకు తక్కువుండదు. టీలో పంచదార మానేసి పదహారేళ్లయిన మనిషి చేత ఆ రసం తాగిస్తామా?

నాకు వీటన్నిటికంటే నచ్చింది డెన్మార్క్ లెక్క. 50 వేల మందికి పైగా జనాన్ని రెండు దశాబ్దాలకు పైగా గమనించి 2021లో ప్రచురించారు. కూరగాయల ద్వారా రోజుకు 60 మిల్లీగ్రాముల చొప్పున నైట్రేట్ తిన్నవాళ్లలో, బాగా తక్కువ తిన్నవాళ్లకంటే కాళ్ల రక్తనాళాల జబ్బు 26 శాతం తక్కువగా కనిపించింది. అంతకు మించి తింటే అదనపు లాభమేమీ కనపడలేదు. ఆకుకూరలు తినేవాళ్లకు మిగతా మంచి అలవాట్లూ ఉంటాయి కాబట్టి ఘనతంతా నైట్రేట్‌కే కట్టబెట్టలేం. అయినా 60 మిల్లీగ్రాములంటే ఎంతనుకున్నారు? ఒక కప్పు ఆకుకూర! అమెరికా నుంచి డబ్బా తెప్పించుకోవలసిన పనేముంది?

నిజానికి అది జనవరిలోనే మా కారు డిక్కీలో ఉంది. విమానాశ్రయం నుంచి తిరిగొస్తూ, తెల్లవారుతుండగా శంషాబాద్ ఊళ్లో రోడ్డు పక్కన ఆటోలోకి కూరల మూటలు ఎక్కిస్తుంటే అక్క కారాపించింది. పాలకూర, తోటకూర, కొత్తిమీర... ఇంకా మంచు ఆరలేదు. 'నిన్న పొద్దుగూకంగ కోసిన అక్కా, మెహదీపట్నం పోతే ఈ ధరకు రాదు' అందామె. ఇరవైకి మూడు కట్టలు. 'మీది ఏ ఊరమ్మా?' అంటే, చెయ్యెత్తి విమానాశ్రయం వైపే చూపించింది. 'మా పాత చెల్క గాడనే ఉండె. ఇప్పుడు కౌలుకు జేస్తున్నం.' విమానాశ్రయం దాదాపు 5,500 ఎకరాల మీద ఉంది. అంత నేల ఊరికే రాలేదు. మిగిలిన పొలాలు ఇళ్ల ప్లాట్లు కాకుండా ఇన్నాళ్లు నిలిచాయంటే, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ నీళ్లను కాపాడటానికి 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టిన 1996 నాటి జీవో 111 చలవ చాలావరకు. ఆ జీవో ఉండాలా పోవాలా అన్న గొడవలోకి నేను వెళ్లను. నగరానికి గంట దూరంలో పాలకూర పండుతోందంటే దాని వెనక ఇంత కథ ఉందని చెప్పడమే నా ఉద్దేశం. ఆమె పొద్దుగూకే వేళ కోయడంలో కూడా ఓ విశేషముంది. ఎండ తగిలినకొద్దీ మొక్క తనలోని నైట్రేట్‌ను ఖర్చుపెడుతుంది. అందుకే తెల్లవారుజామున కోసిన పాలకూరలో అది ఎక్కువ, సాయంత్రం కోసినదాంట్లో తక్కువ. నేలను బట్టి, వేసిన యూరియాను బట్టీ మారుతుంది. కాబట్టి కట్టకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కలేసుకోవడం దండగ.

వంటింట్లో మాత్రం ఒక లెక్కుంది. నైట్రేట్ నీళ్లలో కరిగిపోతుంది. అక్క బీట్‌రూట్ వేపుడు చేసేటప్పుడు ముక్కలు ఉడికించి, ఎర్రటి నీళ్లు సింకులో పారబోసేది. దాంతోపాటే సగం దాకా నైట్రేటూ పోతుంది. అదే పాలకూర పప్పు చూడండి. కుక్కర్లో పప్పుతోపాటే ఉడుకుతుంది, ఒక్క చుక్క బయటకు పోదు. తోటకూర పులుసూ అంతే. మన అమ్మమ్మలకు నైట్రేట్ తెలియదు కానీ, నీళ్లు పారబోయని వంట తెలుసు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటోంది. మనలో చాలామంది ప్లేటులో ఇంత అన్నం కొండ, దాని పక్కన గుప్పెడు కూర. ఆ కొండను తగ్గించి కూర పెంచితే షుగరుకూ మంచిదే.

అయితే అందరూ ఎగబడకండి. షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు పాలకూర, బీట్‌రూట్‌లలోని పొటాషియం ప్రమాదం కావచ్చు. డాక్టర్ని అడగందే పెంచకూడదు. కిడ్నీలో రాళ్లొచ్చేవాళ్లూ పాలకూరతో జాగ్రత్త. నెత్తురు పలచబడటానికి వార్‌ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్లు ఒకరోజు బోలెడు, ఒకరోజు సున్నా అన్నట్టు ఆకుకూరలు తింటే మందు లెక్క తప్పుతుంది. వండిన ఆకుకూరను బయట వదిలేస్తే సూక్ష్మజీవులు చేరి నైట్రైట్ పెరుగుతుంది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఈ రసాలు, కూరలు అస్సలు పట్టించొద్దు. వాళ్ల నెత్తురు ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలమయ్యే ప్రమాదముంది. బోరు నీళ్లలోని నైట్రేట్‌కు 45 మిల్లీగ్రాముల హద్దు పెట్టిందీ అందుకే. ఇక గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రకు బీట్‌రూట్ బదులు కాదు. అన్నట్టు, బీట్‌రూట్ తిన్నాక కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది. మా బావగారు ఒకరోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసి వీలునామా గురించి మాట్లాడబోయారు.

నడక అత్తాపూర్‌లో మొదలైంది. వాళ్లిల్లు అక్కడే, ఎక్స్‌ప్రెస్‌వే కిందనే. ఆ వంతెన స్తంభాలకు నంబర్లున్నాయి, అక్కడ ఎవరిని చిరునామా అడిగినా పిల్లర్ నంబరే చెబుతారు. బావగారికి మంచి కొలబద్ద దొరికింది. మొదటి రోజు నాలుగు పిల్లర్లు దాటి ఐదోదాని దగ్గర ఆగిపోయారు. డిపోలో బస్సుల రాకపోకలు రాసినంత శ్రద్ధగా డైరీలో రాసుకున్నారు, 'నొప్పి 4, ఆగింది 5, విశ్రాంతి 3 నిమిషాలు.' వాహనాల పొగలో నడక మంచిది కాదని నేను గొణిగితే, ఐదున్నరకే వెళ్లడం మొదలుపెట్టారు. జేబులో నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు. షుగర్ మాత్రలు వేసుకుని నడిచేవాళ్లకు మధ్యలో షుగర్ పడిపోతే అవే ఆదుకుంటాయి.

నాలుగో వారానికి ఏడు పిల్లర్లు. ఐదో వారంలో అంతా ఆగిపోయింది.

ఆ రోజు సాయంత్రం అక్క ఆయన సాక్సు తీసి ఉతకడానికి వేయబోతూ చూసింది. వేలి దగ్గర నెత్తురు మరక. కొత్త బూటు కొరికి చిటికెన వేలు పక్కన పొక్కు లేచి పగిలింది. ఆయనకు తెలియనే తెలియదు! పిక్క నొప్పి తెలిసే మనిషికి వేలి పుండు తెలియకపోవడమేమిటి? అదే షుగర్ చేసే మోసం. నెత్తురు తక్కువ కావడం ఒకటి, పాదం మొద్దుబారడం ఒకటి. రెండూ కలిసిన కాలికి పొక్కు చాలు. అది మానదు, చీము పడుతుంది, నల్లబడుతుంది. అలా వేలితో మొదలై మోకాలిదాకా కాలు పోయినవాళ్లు మన బంధువర్గాల్లో ఎవరో ఒకరుంటారు. మా పెద్దనాన్నగారు అలాగే మంచం పట్టారు. ఆ రాత్రి అక్క నాకు ఫోన్ చేసినప్పుడు ఆయన పేరెత్తలేదు కానీ, ఇద్దరికీ ఆయనే గుర్తొచ్చారు.

పొద్దున్నే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. రెండు వారాలు నడక బంద్. పుండున్న కాలితో నడవకూడదు. కూర్చున్నా, పడుకున్నా నొప్పి ఉంటే, వేలు రంగు మారితే నడక వైద్యం కాదు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే. మన నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. అదృష్టం, బావగారి పొక్కు మానింది. బూట్లు పక్కన పడేసి, షుగరువాళ్ల కోసం అమ్మే మెత్తటి ఎం.సి.ఆర్. అట్టలతో కొత్త జత చేయించారు, వేళ్ల దగ్గర వెడల్పుగా. సిగరెట్లూ ఆ రెండు వారాల్లోనే మానేశారు, భయంతో. భయం ఎప్పుడూ చెడ్డదేం కాదు. రాత్రి పడుకోబోయే ముందు అక్క ఆయన అరికాళ్లు టార్చి వేసి చూస్తుంది. మొదట్లో 'నా కాళ్లు నువ్వు పట్టుకోవడమేమిటే' అని మొహమాటపడేవారు, ఇప్పుడు తనే టార్చి అందిస్తారు. శంషాబాద్ దగ్గర నర్కూడలోని అమ్మపల్లి రామాలయానికి ఏటా వెళ్లే అలవాటుంది వాళ్లకు. ఈసారి మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్లారు. ఎండకు కాగిన బండల మీద ఉత్తకాళ్లతో ప్రదక్షిణ చేస్తే, మొద్దుబారిన పాదానికి కాలినట్టు కూడా తెలియదు కాబట్టి.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆరు పిల్లర్లకు పడిపోయారు. రెండు రోజులు అలిగారు. తర్వాత ఎనిమిది, పది, మార్చి నెలాఖరుకు పదమూడు. వారానికి నాలుగు రోజులు పాలకూర పప్పో తోటకూర పులుసో ఉంటోంది. అల్లుడు పంపిన డబ్బా సగం అయ్యాక, డాక్టరు రక్తపరీక్షలో పొటాషియం చూసి 'ఫరవాలేదు కానీ, కూర తింటున్నప్పుడు ఇదెందుకు' అన్నారు. డబ్బా అటకెక్కింది. ఆ పిల్లర్లు పెరగడంలో కూర వాటా ఎంత, సిగరెట్ మానిన వాటా ఎంత, నడక వాటా ఎంత అంటే ఎవరూ తూచి చెప్పలేరు. నన్నడిగితే నడకకే పెద్ద వాటా రాస్తాను. బావగారు మాత్రం అల్లుడితో 'నీ పొడి వల్లేనోయ్' అన్నారు. పిల్లనిచ్చిన మామ కదా.

ఏప్రిల్‌లో మళ్లీ శంషాబాద్. ఈసారి పెట్టెలు వాళ్లవే. మధ్యలో విమానం మారేచోట చక్రాల కుర్చీ కావాలని టికెట్‌లో ముందే రాయించాను. మైళ్ల కొద్దీ ఉండే ఆ విదేశీ విమానాశ్రయాల్లో గంట వ్యవధిలో పరుగులు పెట్టడం పన్నెండు వారాల సాధనకు అందేది కాదు. ఆయన ఏమైనా అంటారేమోనని చూశాను. 'సరే' అన్నారు.

పార్కింగు నుంచి బయల్దేరాం. మొదటి బోర్డు దాటాం. ఆయనకు ఫోనొచ్చిన చోటూ దాటాం. ఆయన ట్రాలీ తోస్తూ మాతోపాటే వస్తున్నారు. ద్వారం కనుచూపు మేరకొచ్చాక నెమ్మదించి, ట్రాలీ పక్కకు జరిపి నిలబడ్డారు. బోర్డు చదవలేదు, జేబు తడుముకోలేదు.

'పిక్క పట్టేసింది. రెండు నిమిషాలు ఆగుదాం,' అన్నారు, పక్కవాళ్లకు కూడా వినపడేలా.

అక్క సూట్‌కేసు మీద కూర్చుని వాచీ చూసుకుంది.